ముప్పై కేబీల్లో గౌరవ్వ

సిరిసిల్ల బస్టాండు దగ్గరి సందులో సృజనకు ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఫోటోలు దిగేవాళ్ల కోసం గోడకు కట్టిన తెల్లగుడ్డ, దాని ముందు ఒక స్టూలు. వెనకింట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా ధనధనమని నేస్తూనే ఉంటాయి. గోడ దాటి నూలుకు పెట్టిన గంజి వాసన వస్తూనే ఉంటుంది. ఆ చప్పుడూ ఆ వాసనా లేని రోజు ఆమెకు ఏదో తక్కువైనట్టుంటుంది.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి, మూడింటికే లైటు వేసుకోవలసి వచ్చింది. గౌరవ్వ రావడం అది మూడోసారి. కోనరావుపేట అవతల పల్లె ఆమెది. సాంచాల మీద పనిచేసే భర్త మల్లయ్య పోయి ఏడాది దాటింది. పింఛను దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. అయిదింటికి సైటు మూసుకుంటుంది, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. రెండుసార్లూ ఫోటో దగ్గరే పని ఆగిపోయింది.

ఫోటో ముప్పై కేబీ దాటొద్దని నిబంధన. ఇలాంటివాటి కోసమే సృజన పోయిన నెల అగ్గువ ధరకు దొరికిందని ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుంది. ఫోటోలో ముఖాన్ని అదే వెతికి, చుట్టూ ఎర్రగీతల డబ్బా గీస్తుంది. ఆ డబ్బా చూసుకొని కత్తిరించి సైజు తగ్గిస్తే అయిపోవాలి. కానీ మొదట సైటు ఫోటో పెద్దదయిందంది. తగ్గిస్తే ముఖం మసకగా ఉందంది. ఇప్పుడు గౌరవ్వను స్టూలు మీద కూర్చోబెట్టి కొత్తగా తీసి పంపితే, ఫోటోలో ఇద్దరున్నారంది.

"దీని మొకం మండ. ఇద్దరెక్కడున్నరు?" అని గొణుక్కుంటూ సృజన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూసింది.

గౌరవ్వ ముఖం చుట్టూ ఒక డబ్బా. ఎడమ భుజం పక్కన, తెల్లగుడ్డ మీద, ఇంకో డబ్బా. అందులో ఏమీ లేదు.

గుడ్డ ముడతను చూసి ముఖమనుకుంటోందేమో అనిపించింది. గుడ్డను దులిపి, బిగించి కట్టి, మళ్లీ తీసింది. మళ్లీ రెండు. విసుగొచ్చి ఆ పక్కంతా కత్తిరించేసింది. రెండో డబ్బా గౌరవ్వ చెవి దగ్గరికి జరిగింది. ఇంకా కత్తిరించింది. చెంప దగ్గరికి జరిగింది. అగ్గువ సరుకు కొన్నందుకు తనను తానే తిట్టుకుంది. గడియారం నాలుగున్నర దాటింది.

అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఇన్వర్టరు మీద కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది. ఆ నిశ్శబ్దంలో గంజి వాసన కూడా లేదు. ఏళ్ల తరబడి మూసిన పెట్టె మూత తీసినట్టు, ఇంకేదో వాసన...

సృజన ఒకసారి తెల్లగుడ్డ వైపు తిరిగి చూసింది. అయినా ఆపలేదు. సైజు యాభై కేబీకి దించింది. గౌరవ్వ చిన్నదైంది, ఆమె డబ్బా చిన్నదైంది. రెండోది అంతే ఉంది. నలభై. గౌరవ్వ ఇంకా చిన్నదైంది. రెండోది... అంతే ఉంది. ఇప్పుడది ఆమె ముఖం కంటే పెద్దది.

"అవ్వా," అంది సృజన, గొంతు తగ్గించి. "మీ ఆయన ఎటు దిక్కు నిలవడుతుండె నీ పక్కన?"

గౌరవ్వ లేచి వచ్చి తెర వైపు చాలాసేపు చూసింది.

"ఆయన గాదు బిడ్డా," అంది మెల్లగా. "ఆయనైతే నాకెరుకైతుండె."

కొంగు లాగి ఎడమ భుజం మీద కప్పుకుంది. జల్ది పంపమంది, బస్సు పోతుందంది.

అయిదుకు పది నిమిషాలు. సృజన తెర వైపు సరిగ్గా చూడకుండానే ఇరవై తొమ్మిదికి దించి పంపేసింది. సైటు తిరిగింది... తిరిగింది. ఒకే ముఖం ఉందని, ఫోటో సరిపోయిందని వచ్చింది. దరఖాస్తు నంబరు కాగితం మీద రాసిచ్చింది. గౌరవ్వ దాన్ని మడిచి రొంటిన దోపుకొని, సృజన తల మీద చెయ్యి పెట్టి, చల్లగుండమని దీవించి వెళ్లిపోయింది.

కాసేపటికి కరెంటు వచ్చింది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. సృజనకు తన భయం మీద తనకే నవ్వొచ్చింది. పనికిరాని ఫోటోలన్నీ తుడిచేద్దామని కూర్చుని, మొదట ఆ ఇరవై తొమ్మిది కేబీల ఫోటో తెరిచింది.

ఒక్కటే డబ్బా.

గౌరవ్వ ముఖం చుట్టూ వెతికింది. అక్కడ లేదు. ఎర్రగీతలు ఫోటో నాలుగు అంచుల వెంట ఉన్నాయి. అడుగున, మధ్యలో, చిన్నగా గౌరవ్వ ఉంది. ఆ డబ్బాలో ఉన్నది నిజంగా ఒక ముఖమే అయితే... గౌరవ్వ ఉన్నది దాని నోరు ఉండవలసిన చోట.

సృజన దరఖాస్తులో ఉన్న నంబరు చూసి గౌరవ్వ ఫోనుకు చేసింది. రెండుసార్లు మోగి కలిసింది. బస్సు చప్పుడు వినబడుతోంది. సీటు దొరికిందా అని అడిగింది. ఇంకేం అడగాలో తోచలేదు.

"దొరికింది బిడ్డా. బస్సు నిండ జనమే. నిలవడ్డోళ్లు నిలవడ్డట్టే ఉన్నరు." గౌరవ్వ గొంతు బాగా తగ్గించింది.

"నా పక్క సీట్ల మాత్రం ఎవ్వలు కూసుంటలేరు."