ఆపరేషన్ సెల్లార్

సాయిచంద్ ప్రాణం తీసింది ఒక్క జర్మన్ ముక్క. ‘ఉమ్’.

మూడు నెలల కిందట, విదేశీ ముఠా నాయకుడు వెబర్ ఫోన్లో “బ్రింగెన్ జీ” అని మొదలెట్టాడు. ‘తీసుకురండి, తీసుకెళ్ళండి’ అన్నమాట. వాక్యం పూర్తికాకుండానే, ఆ ఫోన్ ట్యాప్ చేసి వింటున్న ఏజెంట్ దేవిశ్రీ హెడ్‌ఫోన్స్ తీసేసి, “నిన్ను పిలిపిస్తున్నారు, భయం లేదు, అక్కడే ఉండు” అని ముఠాలో దూరిన తోటి ఏజెంట్ సాయిచంద్‌కి మెసేజ్ పెట్టింది. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయి. రెండోది వాక్యం చిట్టచివర వస్తుంది. చివర ‘ఉమ్’ వస్తే అది తీసుకురావడం కాదు, చంపడం. పుట్టినప్పటినుంచీ క్రియను చివర్లో పెట్టే తెలుగు మాట్లాడిన మనిషి ఆ ఒక్క ముక్క కోసం ఆగలేకపోయింది! ఆమె మెసేజ్ నమ్మి ఆఫీసులోనే ఉండిపోయిన సాయిచంద్‌ని అక్కడే చంపేశారు.

ఇవాళ మిషన్ పుప్పాలగూడ పక్కన ఐటీ టవర్లో. పద్దెనిమిదో అంతస్తు క్యాంటీన్లో హౌస్‌కీపింగ్ యూనిఫామ్‌తో దేవిశ్రీ మాప్ తోస్తోంది. వెబర్ టేబుల్ కింద మాటలు పట్టే బగ్, ఆమె చెవిలో ఇయర్‌పీస్. ముఠా వివరాలున్న పెన్‌డ్రైవ్‌తో హర్షిణి సెల్లార్ పార్కింగ్‌కి దిగడానికి ఇప్పుడే లిఫ్ట్ ఎక్కింది. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. వెబర్ సెక్రటరీగా నటిస్తున్న మన డబుల్ ఏజెంట్.

వెబర్ తన డ్రైవర్‌కి ఫోన్ చేశాడు.

“బ్రింగెన్ జీ డీ ఫ్రౌ ఇమ్ కెల్లర్...”

గర్ర్ర్! కౌంటర్ మీద కాఫీ గ్రైండర్ మోగింది. చివరి ముక్క వినపడలేదు. వెబర్ ఫోన్ పెట్టేశాడు.

“ఏమన్నాడు?” ఇయర్‌పీస్‌లో చీఫ్ ఉదయ్ భాస్కర్.

“ఆ ఆడమనిషిని, సెల్లార్... చివర వినపడలేదండి!”

“మళ్ళీ సగం వాక్యంతో తొందరపడకమ్మా. కన్ఫర్మ్ చెయ్యి.”

దేవిశ్రీ విన్న ముక్కల్నే మళ్ళీ కూడబలుక్కుంది. సెల్లార్‌కి తీసుకెళ్ళమంటే ‘ఇన్ డెన్ కెల్లర్’ అనాలి. వాడు ‘ఇమ్ కెల్లర్’ అన్నాడు. సెల్లార్‌కి కాదు, సెల్లార్‌లో! ‘లో’ అన్నాక తీసుకెళ్ళడమేమిటి నా తలకాయ!

“ఉమ్ వచ్చిందండి, నేను వినకపోయినా వచ్చింది!” అంటూ గోడ మీది ఫైర్ అలారం అద్దం పగలగొట్టింది.

సైరన్ మోగింది. మంటల అలారం మోగితే లిఫ్టులన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఆగిపోతాయి. హర్షిణి లిఫ్ట్ అప్పటికి ఒకటో అంతస్తు దాటింది. గ్రౌండ్‌లో ఆగి తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క అంతస్తు కింద, సెల్లార్‌లో సైలెన్సర్ తుపాకీతో లిఫ్ట్ ఎదుట నిలబడ్డ డ్రైవర్‌ని టవర్ దగ్గర కాపున్న మనవాళ్ళు పట్టుకున్నారు. వెబర్‌ని మెట్ల మీద దొరకబుచ్చుకున్నారు.

లాబీలో హర్షిణి మండిపడింది. “ఏందక్కా, జర ముందే చెప్పరాదా? గుండె ఆగినంత పనైంది!”

దేవిశ్రీ ఆమెను గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది.

ఉదయ్ భాస్కర్ వచ్చాడు. “చివరి మాట లేకుండా ఎలా పట్టావమ్మా?”

“మధ్యలో ‘ఇమ్’ ఉంది సార్.” ఆగింది. “ఆవేళ కూడా ‘ఇమ్ బ్యూరో’ అన్నాడు. ఆఫీసుకి కాదు, ఆఫీసులో అని. అది నేను విన్నాను సార్. హెడ్‌ఫోన్స్ తీసేలోపే విన్నాను. సాయిచంద్‌ని నేనే...”

“ఇక ఆపెయ్యమ్మా.”

“తెలుగు కదండీ, ఆపితే అర్థం పూర్తికాదు,” అంది దేవిశ్రీ. “చంపుకున్నాను.”