రెండో గడిలో పేరు

మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యబింబాన్ని కాటుకమేఘాలు కబళించాయి. పట్టపగలే పెనుచీకటి! దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది ఆకాశం. వీధిదీపం స్తంభం మీద, పగటిపూట కంటబడకూడని గుడ్లగూబ ఒకటి మెడను పూర్తిగా వెనక్కి తిప్పి... ఒకే ఒక్క దుకాణం వైపు రెప్పవాల్చకుండా చూస్తోంది.

సెల్‌ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే దుకాణం అది. ముందుగదిలో పగిలిన అద్దాలు, తెగిన వైర్లు, మూత ఊడిన ఫోన్లు... నలుగురూ వచ్చిపోయే చోటే. కానీ వెనకగది? అందులోకి ఇంతవరకూ ఏ గిరాకీ తొంగిచూసి ఎరగడు. ఆ మెకానిక్ వయసెంతో వీధిలో ఎవరూ చెప్పలేరు. ముసలివాళ్ళు తమ చిన్నప్పుడు కూడా అతను అలాగే ఉన్నాడంటారు. పడుచువాళ్ళు నవ్వేస్తారు. ఒక మనిషికి ముసలితనం రాకపోతే అనుమానించవద్దూ? ఎవరూ అనుమానించలేదు... ప్రతిదాన్నీ అనుమానించే ఎదురు మేడమీది ఆవిడ కూడా!

ఆ వెనకగదిలో నేలంతా బూడిదతో గీసిన వలయం. వలయం నడుమ, లోపలి సరంజామా అంతా పీకేసిన కంప్యూటర్ పెట్టె. ఫ్యాను తిరగవలసిన చోట... మానవ కపాలం! కంటిగుంటల్లోంచి ఎర్రటి వైర్లు నరాల్లా పాకి, ఎదురుగా వెలుగుతున్న తెరలోకి దూరుతున్నాయి. తెరమీద చుట్టలు చుట్టుకుని బుసకొడుతోంది ఒక కాలసర్పం.

"ఈ ఒక్క ప్రాణం..." మెకానిక్ పెదవులు తడుపుకున్నాడు. "ఈ ఒక్క లేతప్రాణం చాలు... మళ్ళీ ఒక తరం నాకు చావు లేదు!"

కపాలం పళ్ళు టకటకలాడాయి.

సరిగ్గా అదే వేళకు, ఎదురు మేడమీది ఇంట్లో ఒక తల్లి కుట్టుమిషన్ తొక్కడం ఆపి కూతురి వైపు చూసింది. కాలేజీకి వెళ్ళవలసిన పిల్ల. కొన్నాళ్ళుగా మంచానికి అతుక్కుపోయి, చేతిలో ఫోను పట్టుకుని...

"ఇలా రా తల్లీ, మెడ చూడనీ. ఒళ్ళు కాలుతోందేమో."

"లేదమ్మా. ఇందాకే చూశావు."

"ఇందాక వేరు, ఇప్పుడు వేరు."

గడపలో కూర్చుని గుండీలు కుడుతున్న పిన్ని పకపకా నవ్వింది. "మా అక్కకి థర్మామీటరు మీద కూడా నమ్మకం లేదే! దానికే జ్వరం వచ్చి తప్పు చెబుతోందంటుంది."

తల్లి నవ్వలేదు. ఆవిడ కళ్ళు కూతురి చొక్కా మీద ఉన్నాయి. పోయిన నెల తన చేత్తో కొలిచి, తన చేత్తో కుట్టిన చొక్కా! ఇప్పుడు భుజం దగ్గర కుట్టు మోచేతి వైపు జారుతోంది. కొలత తప్పిందా? ఆ చేతులకు కొలత తప్పదు. బట్ట సాగిందా? ఉతికితే కుదించుకునే బట్ట అది, సాగేది కాదు. మరి... లోపలున్న పిల్లే తరిగిపోతోందా? ఎముకల్లోంచి ఎవరో దారం లాగినట్టు, రోజురోజుకూ...

"ఆ ఆటలో ఏముందే అంతగా?" అడిగింది.

"నా దూదిపింజ ఉంది!" పిల్ల ముఖంలో ఒక్కక్షణం వెలుగు. తెరమీద రెక్కలున్న తెల్లటి పిల్లికూన ఆవులించింది. "ఈ ఆటలో అందరికీ ఒక తోడుజీవం ఉంటుందమ్మా. దానికి వేగం, చూపు, బలం, ప్రాణం అని అంకెలుంటాయి. మా జట్టు మొత్తంలో నాదే బక్కపీనుగు, అందరూ ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు చూడు ఎలా పెరిగాయో!"

"తిండి పెడితే పెరిగాయా?"

"తిండి కాదు, సంయోగం. రెండు గడులుంటాయి. ఒకదాంట్లో మన జీవాన్ని పెట్టాలి, రెండోదాంట్లో ఇంకోదాన్ని. కలుపు అని నొక్కితే, రెండిట్లో బలమున్నది నిలుస్తుంది. లేనిది దాంట్లో కరిగిపోతుంది. కరిగినదాని అంకెలన్నీ నిలిచినదానికి వచ్చేస్తాయి."

"మరి కరిగింది ఏమవుతుంది?"

"పోతుంది."

"పోతుందంటే? ఎక్కడికి పోతుంది?"

"పోతుందమ్మా... అంతే!"

పిన్ని దారం కొరికి ఉమ్మేసింది. "చూశావా అక్కా, మన ఇంట్లో స్టీలు గిన్నెల్లాగే. పోయాయంటే పోయాయి, అడక్కూడదు."

కానీ తల్లి అడిగింది. అడగకుండా ఉండగలిగితే ఆవిడ ఆవిడే కాదు. "ఆ రెండో గడిలో నువ్వు దేన్ని పెడుతున్నావు?"

"దేన్నీ పెట్టక్కర్లేదు. అస్థిమాలి అని మా జట్టు పెద్ద ఒక కిటుకు చెప్పాడు. పేరు రాస్తే చాలు."

"ఎవరి పేరు?"

"నాదే... అంటే కాలేజీ పేరు కాదులే. ఫోను అద్దం పగిలితే ఎదురుగా కింద ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళానుగా? ఆయనేనట అస్థిమాలి! ఎంత నవ్వుకున్నామో. 'మీ అమ్మ ఇంట్లో నిన్నేమని పిలుస్తుంది?' అని అడిగాడు. తల్లీ అంటుంది అని చెప్పా. అదే రాసిపెట్టాడు."

తల్లి చేతిలోని బట్ట జారి కిందపడింది.

అద్దం అతికించేవాడికి ఆడపిల్ల ముద్దుపేరు ఎందుకు? కన్నది నోరారా పిలిచే పిలుపు ఎందుకు? ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఆవిడ పిల్లను మరో పేరుతో పిలిచి ఎరగదు. లేపేటప్పుడు తల్లీ, కసిరేటప్పుడు తల్లీ, జ్వరంలో తడిగుడ్డ వేసేటప్పుడు తల్లీ! ఆ పిలుపు బొడ్డుతాడులాంటిది. దాన్ని పట్టుకుని లాగితే... ప్రాణమే కదలివస్తుంది!

ఆవిడ ఫోను లాక్కుని తెరలోకి చూసింది. వేగం ఆకాశాన్ని అంటుతోంది... పిల్ల మేడమెట్లు ఎక్కలేక మధ్యలో కూలబడుతోంది. చూపు రెట్టింపయింది... పిల్ల సూదిబెజ్జం కనబడటం లేదంటోంది. బలం పొంగిపోతోంది... పిల్ల నీళ్ళగ్లాసు రెండు చేతులతో ఎత్తుతోంది. ఇక అంగుళమైనా పెరగకుండా మిగిలింది ఒక్కటే.

ప్రాణం!

"ఓసి నా తల్లో..." అంటూ ఆవిడ ఫోను ఆర్పబోయింది. ఆరలేదు. బ్యాటరీ ఊడబెరికింది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది! దానిమీద ఎర్రటి అక్షరాలు పాకుతూ వచ్చాయి. 'వేళయింది. నీ దూదిపింజను నా కాలసర్పంలో కలుపుతున్నాను.'

"దీనికి నువ్వు ఒప్పుకున్నావా?"

"నిన్ననే... గెలుస్తామన్నాడు..." పిల్ల మాట సగంలో తెగింది.

ఫెళఫెళమని పిడుగు! కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. పిల్ల వెన్ను విల్లులా వంగింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఆ లేతగొంతులోంచి... ఒక మగగొంతు, తుప్పుపట్టిన ఇనుము రాసుకున్నట్టు, బొంగురుగా వికటాట్టహాసం చేసింది!

"హహ్హహ్హా... అనుమానాలదానా! అన్నిటినీ అనుమానించావు, నన్ను అనుమానించడం మాత్రం ఆలస్యం చేశావు! ఈ పిల్ల నాదే!"

పిన్ని కెవ్వుమంది. గుండీల డబ్బా ఇల్లంతా దొర్లింది.

"దాన్ని పట్టుకోవే! వాటేసుకో! వదిలావంటే చంపేస్తాను!" అని అరిచి, మిషన్ మీది కత్తెర చేతికి తీసుకుని, చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది తల్లి. గాలి ఆవిడ కొంగును పట్టి వెనక్కి లాగింది. వాన ముఖం మీద చరిచింది. స్తంభం మీది గుడ్లగూబ కూసింది... ఆవిడ ఆగలేదు.

దుకాణం ముందుగది దాటి, వెనకగది తలుపును భుజంతో ఢీకొట్టింది. తలుపు భళ్ళున తెరుచుకుంది. బూడిదవలయంలో కూర్చున్న మెకానిక్ తల తిప్పనైనా లేదు. తెరమీద కాలసర్పం నోరు తెరిచి ఉంది. దాని ఎదుట వణుకుతూ, ముడుచుకుపోయిన దూదిపింజ... తన బిడ్డ ఊపిరంతా నింపుకున్న ఆ పిల్లికూన!

ఆవిడ కత్తెరతో దూకింది. వలయం అంచున ఏదో అదృశ్యహస్తం ఛాతీ మీద గుద్దినట్టయి, ఎగిరి గోడకు కొట్టుకుంది. కత్తెర చేజారి ఎటో పోయింది.

"పిచ్చిదానా!" మెకానిక్ పళ్ళికిలించాడు. "నేను పేరుపెట్టి పిలిస్తే తప్ప ఈ గీత ఎవరూ దాటలేరు! అక్కడే కూర్చుని చూడు... నీ బిడ్డ ఆఖరి ఊపిరి ఎలా వస్తుందో!"

"నీ కాళ్ళు పట్టుకుంటానురా... దాన్నొదిలెయ్... కావాలంటే నా ప్రాణం తీసుకో..."

"వాడిపోయిన ప్రాణం నాకెందుకు?"

అతను కపాలం మీద రెండు చేతులూ మోపాడు. కనులు మూశాడు. అతని గొంతులోంచి మంత్రాలు పాములపుట్ట పగిలినట్టు బుసబుసా వెలువడ్డాయి. గది గడ్డకట్టింది. చివరికి, రెండో గడిలో తాను రాసిన పేరును పట్టుకుని, పాతాళం దద్దరిల్లేలా పిలిచాడు.

"తల్లీ... రా!"

నిశ్శబ్దం! ఉరుము ఆగింది. వాన ఆగింది. గాలి సైతం ఊపిరి బిగబట్టింది...

అతను పిలిచింది ఎవరిని? తాను ఆ చిన్నపిల్లనే పిలిచాననుకున్నాడు. కానీ ఆ పేరు పిల్లది కాదు! ప్రేమకొద్దీ కన్నది తన పేరునే బిడ్డకు అరువిచ్చింది. ఆ పిలుపుకు పలికే హక్కు మొదట ఎవరిదో... వాడి కపాలానికి తెలుసు. అది కిర్రుకిర్రుమంటూ గోడవైపు తిరిగింది.

"వస్తున్నా."

ఆ మాట గోడకు చేరగిలబడ్డ ఆవిడ నోట వచ్చింది. ఆవిడ ఒక్కతే అనలేదు! నేలలోంచి, నింగిలోంచి, లోకంలో బిడ్డకోసం తెల్లవార్లూ మేలుకున్న ప్రతి గొంతులోంచి, ఆ గొంతులన్నిటినీ కన్న మహాశక్తి గొంతులోంచి... ఒక్కసారిగా వచ్చింది! ఆవిడ లేచింది. జుట్టు విడివడి నల్లమబ్బులా కమ్మింది. కన్నుల్లో కోటి మెరుపులు! ఆవిడ అడుగు వేస్తే బూడిదగీత భయంతో రెండుగా చీలి దారి ఇచ్చింది.

"ఎ... ఎవరు నువ్వు? నిన్నెవరు పిలిచారు?"

"నువ్వే కదరా పిలిచావు!"

తెరమీద రెండో గడి భగ్గుమంది. అంకెలు ఉబికాయి, తెర అంచులు దాటి గోడలమీదికి పాకాయి. ఇక అంకెలకే చోటు చాలలేదు! మెకానిక్ ఆ పేరు చెరిపేశాడు. చెరిపిన చోటే మళ్ళీ మొలిచింది. తాను తప్పుకుందామని చూశాడు. కాలసర్పం తోక అప్పటికే అతని నడుముకు చుట్టుకుని ఉంది.

రెండిట్లో బలమున్నది నిలుస్తుంది... లేనిది కరిగిపోతుంది!

ఎవరూ ఏదీ నొక్కలేదు. పైకప్పును చీల్చుకుని దిగిన పిడుగే ఆ మీట నొక్కింది! కాలసర్పం మైనంలా కారింది. మెకానిక్ చర్మం తరతరాల ముసలితనంతో ఒక్కసారిగా ముడతలు పడింది. "తల్లీ! క్షమించు త..." అన్న కేక పూర్తికాలేదు. అతను కాజేసిన ప్రాణాలన్నీ మిణుగురుల్లా ఎగిరిపోయాయి. కపాలం పిండిపిండిగా రాలింది. అతని కుర్చీలో ఒక స్క్రూడ్రైవర్ మిగిలింది... అంతే. స్తంభం మీది గుడ్లగూబ రెక్కలు విదిల్చి, ఎండ పడుతున్న వైపు కాక, మరోవైపు ఎగిరిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల లేచి కూర్చుని, ఒక్క చేత్తో గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగుతోంది. ఫోనులో దూదిపింజ మునుపటి బక్కపీనుగే అయి, హాయిగా నిద్రపోతోంది.

"అక్కా!" పిన్ని పళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. "వాడు... ఆ మెకానిక్ ఏమయ్యాడే?"

"పోయాడు."

"పోయాడంటే? ఎక్కడికి పోయాడు?"

"పోయాడే... అంతే!"

ఆ జవాబు వినగానే పిల్ల గ్లాసు కింద పెట్టింది. ఆ ఆట నియమం ఆ పిల్లకు బాగా తెలుసు. రెండు కలిస్తే బలమున్నదే నిలుస్తుంది. మరి ఆ మెకానిక్‌నే కరిగించేంత శక్తి ఏదో అమ్మతో కలిసి ఉంటే... గడపలో నిలబడ్డ ఈ మనిషి ఎవరు? విడివడిన ఆ జుట్టు... ఇంకా మెరుపు ఆరని ఆ కళ్ళు... పిల్ల మంచం మీద గోడదాకా జరిగింది.

"అమ్మా..." అంది సన్నగా. "నువ్వు... నువ్వేనా?"

ఆవిడ గడప దాటింది. మెల్లగా దగ్గరికి వచ్చింది. వానకు తడిసిన చెయ్యి చాపింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆ చెయ్యి పిల్ల మెడ కింద ఆనింది, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఒళ్ళు చల్లబడిపోయిందేంటే తల్లీ? ఇది కూడా మంచిది కాదేమో..."