మోకాళ్ల గోలీలు

"మళ్లా గవే గోలీలా? మీ అమ్మ మోకాళ్లు ఇంక తగ్గలేదా?"

కనేరి బస్తీలో తన తండ్రి దేవానందం నడిపే మెడికల్ షాపు కౌంటర్ వెనక నుంచి రూత్ అడిగింది. అవతల వానలో తడుస్తూ షాలేమ్. మగ్గాల కార్ఖానాలో నూనె మరక మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కుడిచేతికి ప్లాస్టర్.

"యాడ తగ్గుతయి? వానాకాలం గద!" అన్నాడు. ఆమె కళ్లలోకి చూస్తే దొరికిపోతానని బామ్ డబ్బాల వైపు చూశాడు.

రూత్ ఫార్మసీ చదువుతూ సాయంత్రాలు షాపులో కూర్చుంటుంది. ఆమెను చూడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా! పాపం, మనవాడికి వాపు గోలీలు తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ షాలేమ్ తల్లి మరియమ్మ షాపు మెట్లు చకచకా ఎక్కింది.

"మోకాళ్లు ఎట్లున్నయి ఆంటీ?"

"నా మోకాళ్లకేమైంది బిడ్డా? గైబీ నగర్ దాక నడిచే పోయొస్త. మావోని చెయ్యే పరేషాన్. వాపు గోలీలు మింగుకుంట పనికి పోతుండు. ఎముక అతుకుతలేదని డాక్టర్ అన్నడు."

రూత్ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. ఆ గోలీలన్నీ తన చేత్తో ఇచ్చినవే.

మర్నాడు షాలేమ్ రాగానే విరుచుకుపడింది.

"సిగ్గులేదా? నీకెవడు మింగమన్నడు?"

"నువ్విచ్చినవి గద, పారెయ్యబుద్ధి కాలే. అయినా వాపు పోతే మంచిదే గద?"

"నీ తలకాయ! ఎముక ఇరిగిన కాడికి నెత్తుర్ల తెల్లకణాలు ఉరికొస్తయి. అందుకే వాపు. కొన్ని కణాలు అక్కడి చెత్తంత తిని సాఫ్ చేస్తయి, ఎముక కట్టే కణాలను పిలుస్తయి. మీ కార్ఖానాల పగటి దిన్‌పాళీవాళ్లు రాత్రి రాత్‌పాళీవాళ్లకు మగ్గం అప్పజెప్పినట్టు. నువ్వు గోలీలేసి దిన్‌పాళీవాళ్లనే లోపటికి రానియ్యలే!"

షాలేమ్ తన ప్లాస్టర్ వైపు చూసుకున్నాడు.

"ఆ చెయ్యి పనికిరాకుంట పోతే నేనేం గావాలె?" అంది రూత్. "బాగయ్యేదాక షాపుకు రాకు."

"రాకుంటే నిన్నెట్ల చూడాలె?"

నోరు జారాక చేసేదేముంది! రూత్ వాన వంక చూస్తూ బామ్ డబ్బాలు సర్దసాగింది.

షాలేమ్ గోలీలు మానేశాడు, పనికి సెలవు పెట్టాడు. నొప్పికి పళ్లు బిగబట్టి పడుకున్నాడు. ఇక్కడ రూత్ సబ్బు అడిగినవాళ్లకు దగ్గుమందు ఇస్తూ తండ్రి చేత తిట్లు తింది.

వానలు వెనకబట్టాక మరియమ్మ షాపుకొచ్చింది. సంబంధం అడగడానికి ఎవరైనా పిల్లవాడి ఫొటో తెస్తారు. ఆవిడ సంచిలోంచి కొడుకు చేతి ఎక్స్‌రే తీసి కౌంటర్ మీద పెట్టింది.

"అన్నా, మా పిలగాడు. మీ రూత్‌ను అడుగుదమని వచ్చిన."

దేవానందం దాన్ని ట్యూబ్‌లైట్‌కు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు.

"ఎముక మంచిగనే అతికింది చెల్లె. మరి మనిషెట్లుంటడు?"

మందుల అలమారా వెనక నుంచి జవాబొచ్చింది.

"ఒట్టి పిచ్చోడు బాపూ. అయినా నాకు ఆయనే కావాలె."