మడత పెట్టిన కొత్త నోట్లు

"పోలీసులకి చెప్పనని అత్తయ్యగారు నా చేత ఒట్టు వేయించుకున్నారండీ. పరువు పోతుందట. పోతే పోనీ, నాకు మా ఆయన కావాలి," అంది యుకినో. అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఆ మాటతో తన్నుకొచ్చింది.

సెతో సముద్రపు రేవులో, నూడుల్స్ కొట్టు పైన ఉంది ఉసామి ఆఫీసు. ఉసామికి యాభై దాటాయి. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, పట్టుకుని విసిగి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి. ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరిన కాజీకి ఆవిడంటే దాదాపు భక్తి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, వీలైనప్పుడల్లా దాన్ని వాడుకుని అతని చేత టీ పెట్టిస్తుంది.

"మొదటి నుంచి చెప్పమ్మా," అంది ఉసామి.

యుకినో చెప్పింది. వారం కిందట మామగారు ఓకితా పోయారు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు డబ్బు పెట్టి ఇచ్చిన పరామర్శ కవర్లన్నీ చెక్కపెట్టెలో పెట్టి, ఇంట్లో పూజామందిరం ముందు ఉంచారు. ఏడో రోజు కర్మ అయ్యాక, నిన్న సాయంత్రం, అందరి ముందూ తెరిచారు. పై వరసలో ఐదు కవర్లలో తప్ప ఎందులోనూ డబ్బు లేదు. అందరి కళ్ళూ ఆమె భర్త రెంజి మీదికి తిరిగాయి.

"ఎందుకని?" అన్నాడు కాజీ.

"ఒకప్పుడు ఆయన పడవ పందేల పిచ్చిలో పడ్డారండీ. ఫోనులోనే డబ్బు కాసేవారు. మా దుకాణం అందులోనే పోయింది. తర్వాత మానేశారు. మేమిద్దరం కలిసి దరఖాస్తు పెట్టి, పందేల సైటులో ఆయన ఖాతా మూయించేశాం. చేపల మార్కెట్లో పని చేస్తున్నారు. ఇంటర్నెట్ లేని పాత మడత ఫోను వాడుతున్నారు. వారం వారం మానేసినవాళ్ళ సమావేశానికి వెళ్తారు. నిన్న మా బావగారు అందరిలో అనేశారు, 'కుక్క తోక వంకర ఎక్కడికి పోతుందిరా' అని. ఈయన లేచి వెళ్ళి పడుకున్నారు. పొద్దున లేచి చూస్తే లేరు. ఫోను ఇంట్లోనే వదిలేశారు."

ఉసామి లేచి కోటు తగిలించుకుంది.

ఓకితా వాళ్ళింట్లో అగరువాసన గోడలకి పట్టేసింది. పెద్దకొడుకు సోయిచి ఆఫీసుకి సెలవు పెట్టి, నల్ల సూటులో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. పట్టణంలోని సహకార బ్యాంకులో పెద్ద గుమాస్తా. పక్కనే చాప మీద బోర్లా పెట్టిన ఫోను, దానికి వేలాడుతున్న చార్జరు. తల్లి ఫుమి ఆ కొడుకుని చూసుకునే చూపులోనే ఆవిడ గర్వమంతా ఉంది.

"ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా కొత్త నోట్ల కోసం మావాడి కౌంటరు దగ్గరికే వస్తారండీ," అందావిడ. "పాపం, తండ్రి పోయినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. దహనశాలలో అస్థికల కోసం కూర్చున్నంతసేపూ నిలవలేక, సిగరెట్ల గదికి పోయి వస్తూనే ఉన్నాడు. రోజూ ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చి, తండ్రి పటం ముందు ఒంటరిగా కూర్చుంటున్నాడు. ఆ చిన్నవాడికి ఉందా అంత ప్రేమ?"

ఉసామి డబ్బున్న ఐదు కవర్లూ అడిగి తీసుకుని, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కాజీ పక్కకి ఒరిగి చూశాడు. పరామర్శ కవర్లో కొత్త నోటు పెట్టరు. పెడితే చావు కోసం ముందే సిద్ధమై కూర్చున్నట్టుంటుంది. చేతిలో కొత్త నోటు తప్ప లేకపోతే, మధ్యకి ఒక మడత పెట్టి ఇస్తారు. ఈ ఐదింట్లోనూ ఆ మడత ఉంది.

"మర్యాద ప్రకారమే ఉన్నాయండీ. దొంగ వీటిని ముట్టుకోలేదు," అన్నాడు కాజీ గుసగుసగా.

"ఈ కవరు ఎవరిది?" అంది ఉసామి ఫుమితో.

"ఊరగాయల కొట్టావిడది. ఆవిడ ఏమిచ్చినా తవుడులో ఊరేసిన ఊరగాయ కంపే."

"కవరు కంపే," అంది ఉసామి. నోటు మాత్రం అందరూ వాసన చూసేలా ఒకసారి గాలిలో ఊపి, నంబరు చూసి, మళ్ళీ లోపల పెట్టేసింది. కాజీకి అచ్చు సిరా వాసన తగిలింది. ఆవిడ మిగతా నాలుగు నోట్లూ కళ్ళజోడు పైకి ఎత్తి చూసింది, నంబర్లు చదువుతున్నట్టు.

తర్వాత సోయిచి వైపు తిరిగి, ఊరికే కబుర్లు చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"మీకు అగ్గిపెట్టె ఉందా, సోయిచిగారూ?"

"లేదండీ. నాకు సిగరెట్ల అలవాటు లేదు."

"మంచిది. నాకు ఆ అలవాటుతో పాటు పడవ పందేల అలవాటు కూడా ఉంది. నెలకోసారి ఫోనులో ఆడతాను, సినిమా టికెట్టంత డబ్బుతో. అది పోగానే ఫోను సంచిలో పడేసి వంట చేసుకుంటాను. పోయినదాని వెనక పరుగెత్తకపోతే అదో సరదా, అంతే. మొన్న ఆదివారం ఆఖరి పందెంలో ఒకటో నంబరు పడవ ఎందుకు ఓడిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

"అంత ఎదురుగాలిలో లోపలి వరసలో ఉన్న ఆ పడవ మీద ఎవరు కాస్తారండీ, బయటి నుంచి వచ్చేదే..." అని సోయిచి ఆగాడు. "కౌంటరు దగ్గర కస్టమర్లు చెప్పుకుంటుంటే విన్నాను. నాకు పందేలు తెలియవు."

"అలాగా," అంది ఉసామి. యుకినోని వాకిట్లోకి పిలిచి ఒక్కటే అడిగింది. "రెంజి, వాళ్ళ నాన్న కలిసి సంతోషంగా ఉన్న చోటు ఏదమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీ వెనక, అలల్ని ఆపే రాతి కట్ట. అక్కడే చేపలు పట్టేవారు."

"కాజీ, పరుగెత్తు."

"దొంగ ఎవరో తెలిసిపోయిందా, ఉసామిగారూ? ముందు వాణ్ణి..."

"దొంగ ఎక్కడికీ పోడు. నింద పడ్డవాడే పోతాడు. వెళ్ళు!"

కట్ట చివర ఒక మనిషి నీళ్ళకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. అతని వెనక బూట్లు పక్కపక్కనే, లేసుల ముళ్ళు విప్పి, చక్కగా సర్ది ఉన్నాయి. ఆ బూట్లు చూడగానే కాజీ ఆగిపోయాడు. చావబోయేవాళ్ళు బూట్లు అలా విడిచిపెట్టడం ఆ రేవులో అందరికీ తెలిసిన సంగతే. అరవబోయి మానుకుని, మెల్లగా వెళ్ళి, ఆ బూట్ల పక్కన కూలబడ్డాడు.

"రెంజిగారూ, దొంగ మీరు కాదని మా ఉసామిగారు తేల్చేశారు."

"నేను కాదని నాకు తెలుసు బాబూ," అన్నాడు ఆ మనిషి, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే. "కానీ రాత్రి అందరూ అలా చూస్తుంటే, ఏమో, నేనే తీశానేమో అనిపించింది. ఇన్నాళ్ళు మానేసి ఏం లాభం? వీళ్ళ కళ్ళల్లో నేనెప్పుడూ ఆడుతూనే ఉన్నాను."

"మీ ఆవిడ కళ్ళల్లో ఆడటం లేదుగా. మా ఆఫీసుకి వచ్చింది ఆవిడే."

రెంజి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. కాజీ బూట్లు అందించాడు. అతను ముడి వేసుకోలేకపోతే కాజీయే వేశాడు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి ఉసామి అందరినీ పూజామందిరం ముందు కూర్చోబెట్టింది. యుకినో భర్త చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు. ఫుమి చిన్నకొడుకు ముఖం చూడకుండా తల తిప్పుకుంది.

"దొంగ చాలా మర్యాదస్థుడు," అని మొదలుపెట్టింది ఉసామి. "మా కాజీ ఈ ఐదు కవర్లూ దొంగ ముట్టుకోలేదన్నాడు. నిజానికి వాటినీ ఖాళీ చేశాడు, తర్వాత మళ్ళీ నింపాడు. ఊరగాయల కొట్టావిడ కవరు తవుడు కంపు, లోపలి నోటు సిరా వాసన. ఐదుగురు వేరువేరు మనుషులు ఇచ్చిన నోట్లకి వరస నంబర్లు. అన్నీ ఒకే కట్టలోంచి వచ్చాయి. నింపినవాడి దగ్గర కొత్త నోట్లే ఉన్నాయి. పరామర్శకి కొత్తవి పెట్టకూడదని చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది కాబట్టి, దొంగతనంలో కూడా పద్ధతి తప్పలేక, ఒక్కొక్కటీ మడత పెట్టాడు. రెంజి జీతం చేపల మార్కెట్లో తడి నోట్లుగా వస్తుంది. అతను తిరిగి పెట్టి ఉంటే ఆ నోట్లే పెట్టేవాడు."

"తిరిగి ఎందుకు పెడతారండీ దొంగలు?" అన్నాడు కాజీ.

"మామూలు దొంగ పెట్టడు. దొంగిలించానని అనుకోనివాడు పెడతాడు. అప్పుగా తీసుకున్నానని, ఒక్క పందెం తగిలితే అంతా సర్దేస్తానని అనుకునేవాడు. వాడికి ఒక రోజు తగిలింది, ఐదు కవర్లు నింపాడు. మర్నాడు మిగతావి కూడా నింపుదామని ఆడాడు, పోయింది. అలాంటివాడు ఎలా ఉంటాడో చెబుతాను. సిగరెట్టు అలవాటు లేకపోయినా సిగరెట్ల గదికి పోతాడు, ఫోను చూసుకోవడానికి. తండ్రి అస్థికలు చల్లారేదాకా కూడా ఆగలేడు. ఫోను బోర్లా పెడతాడు, చార్జరు వదలడు. రోజూ పెట్టె ఉన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాడు, ఇంట్లోవాళ్ళు దాన్ని ప్రేమ అనుకుంటారు. పందేలు తెలియవంటూనే ఆదివారం ఏ గాలి వీచిందో చెబుతాడు. మీరెంత పెట్టారన్నది కాదు సోయిచిగారూ, ఎంత దాచారన్నదే జబ్బుకి గుర్తు."

"అబద్ధం!" అంది ఫుమి. "సోయిచీ, చెప్పరా, అబద్ధమని చెప్పు."

సోయిచి ముఖం పాలిపోయింది. "తిరిగి పెడుతూనే ఉన్నాను కదమ్మా!" అన్నాడు గట్టిగా. "ఐదు పెట్టాను కదా! ఆదివారం గాలి అంతలా తిరగకపోయి ఉంటే అన్నీ పెట్టేసేవాణ్ణి. ఎవరికీ తెలిసేది కూడా కాదు. నేను రెంజిలా కాదు. నాకు లెక్క తెలుసు. ఎప్పుడు ఆపాలో తెలుసు."

"మరి ఎందుకు ఆపలేదు?" అంది యుకినో.

అంతలో చాప మీద బోర్లా పడుకున్న ఫోను ఒకసారి కంపించింది. తల్లి నోరు చేతి రుమాలుతో నొక్కుకుని ఏడుస్తోంది. అయినా సోయిచి కళ్ళు ఫోను మీదికే పోయాయి, చెయ్యి కూడా పోయింది. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. మధ్యాహ్నం పందేలు మొదలయ్యే వేళ. అంత దాకా కేసు గెలిచామని పొంగిపోతున్న కాజీ ఆ చెయ్యి చూసి తల దించుకున్నాడు. ఉసామి చెప్పాల్సింది అయిపోయింది.

రెంజి లేచాడు. అన్న మీద కలియబడతాడేమోనని కాజీ సగం లేచాడు. రెంజి వెళ్ళి అన్న ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి, అన్నయ్యా?"

"ఒక్కటి. ఈ ఒక్క పందెం ఆడనీరా. రేపటికల్లా నాన్న డబ్బంతా పెట్టేస్తాను."

"నేనూ అచ్చం ఇలాగే అనేవాణ్ణి."

"రెంజీ, నాయనా," అంది ఫుమి, చిన్నకొడుకు భుజం మీద చెయ్యి వేయబోతూ. "నేను నిన్న..."

"ఇప్పుడు కాదమ్మా," అన్నాడు రెంజి వెనక్కి తిరగకుండానే. తర్వాత అన్నతో, "నిన్న నన్ను దొంగ అన్నది ముందు నువ్వే. నీకు తెలిసే అన్నావు. అది నేను మర్చిపోను, క్షమించడం నా వల్ల అయ్యే పనేనో కాదో కూడా తెలియదు. ఫోను ఇలా ఇవ్వు."

సోయిచి ఇవ్వలేదు. ఇద్దామనే అనుకున్నాడేమో, చెయ్యి ముందుకు చాపాడు కూడా, కానీ గుప్పిట విడలేదు. అతని చేతిలో ఫోను మళ్ళీ కంపించింది. రెంజి అన్న చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో మొదలుపెట్టి, ఒక్కొక్క వేలూ విప్పడం మొదలుపెట్టాడు.