అత్త అడిగిన గునుగుపూలు

"పూలు చూసేదానికి పనిగట్టుకొని ఎవురైనా ఊరు దాటి పోతారా? నలుగురూ వింటే నవ్వుతారు!" అని చెన్నరాయప్ప సంగటి ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. తల్లి మునివెంకటమ్మ గోడకు ఆనుకొని కొంగుతో కళ్ళొత్తుకుంది. తల్లీకొడుకుల మధ్య నిలబడ్డ కోడలు మారక్కకు ఏం చేయాలో పాలుపోలేదు...

ముసలితల్లి అడిగింది ఏమంత గొంతెమ్మ కోరికని! మూడేళ్ళు చినుకు రాలలేదు. సగం గొర్రెలమంద కళ్ళెదుటే పోయింది. ఈ ఏడు మాత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ఊత్తంగరై పక్క రాళ్ళబీడు నిండా గునుగుపూలు విరగబూశాయని హోసూరు సంతకు వచ్చినవాళ్ళు వాకిట్లో కూర్చొని చెప్పారు. అది విన్న దగ్గర్నుంచీ ముసలమ్మది ఒకటే పోరు. "కండ్లకు పొర కమ్ముతా ఉంది... పూర్తిగా మూసుకోకముందే ఒక్కసారి చూపించండి!"

ఆ బీడు మారక్క పుట్టినూరిని ఆనుకునే ఉంది. పధ్నాలుగేళ్ళుగా ఆమె అటు పోలేదు. తల్లి పోయాక ఆమెను పిలిచేవాళ్ళు లేరు. పిలుపు రానిదే ఆడబిడ్డ పుట్టినూరి పొలిమేర తొక్కకూడదని వాళ్ళ కట్టుబాటు. అయినా అత్త కోసం మనసు రాయి చేసుకుంది. పిల్లలు కలగలేదని కులపెద్దలు చెన్నరాయప్పకు మారుమనువు తలపెట్టినప్పుడు, "ఇంకొకతె ఈ గడప తొక్కితే నేను బావిలో దూకుతా!" అని అడ్డం నిలబడిన అత్త! ఆ తల్లి కళ్ళకు ఆఖరి వెలుగు చూపించకపోతే తన బతుకెందుకు?

మారక్క బతిమాలగా బతిమాలగా చెన్నరాయప్ప మెత్తబడ్డాడు. "సరే, మందను తోలుకొని నేను ముందు నడుస్తా. పదో దినం మీరు బస్సులో రండి" అన్నాడు. పొరుగింటి మంజులమ్మకు ఇల్లప్పగించి, రాగిరొట్టెలు మూటగట్టి, మారక్క అత్తను జాగ్రత్తగా బస్సెక్కించింది. కృష్ణగిరిలో బస్సు మారి ఊత్తంగరైలో దిగి, రెండు మైళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించింది.

తీరా చూస్తే బీడులో ఒక్క పువ్వు లేదు! అంతా మొండి కాడలే!

"చూడమ్మా! మూడేండ్లకు మన గొర్రెల కడుపులు నిండినాయి! నాలుగు దినాలుగా ఈడే మేపినాను!" అని చెన్నరాయప్ప సంబరంగా ఎదురొచ్చాడు. పచ్చగా కనిపిస్తే మేతే అనుకోవడం పుట్టినప్పటినుంచీ అలవాటైన మనిషి! భార్య ముఖం చూశాకగానీ తాను చేసిన పని బుర్రకెక్కలేదు. "అయ్యో... పూలు!" అని నెత్తి కొట్టుకున్నాడు.

మారక్క అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. "నీ ఒక్క కోరికా తీర్చలేకపోయినాను అత్తా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవద్దమ్మా. పూలుండినా నాకు కనపడవు... నీ మొగం కనపడకే రెండు నెలలాయె. గోడ పట్టుకొని తిరిగినాను, మీకు చెప్పలేదు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినాం అత్తా?"

"సంతోళ్ళు ఈ ఊరి పేరెత్తినప్పుడు నువ్వు రాగులు విసరతా ఉండావు. తిరగలి టక్కున ఆగిపోయింది. చానాసేపు మళ్ళీ తిరగలేదు. కండ్లు పోయినా చెవులున్నాయి కదమ్మా నాకు! నీకోసరం పోదామంటే పిలుపు లేదంటావు. నాకోసరమంటే రాకుండా ఉండగలవా?"

మారక్క తలెత్తి అత్త ముఖంలోకి చూసింది. దేవుడా! ఇన్నాళ్ళూ అత్తకు తానేదో చేస్తున్నానని అనుకుందే! ముసలమ్మ నడుముకు కట్టుకున్న మూట విప్పింది. ఒడిబియ్యం, బెల్లంగడ్డ, కొత్త రవికగుడ్డ.

"కొంగు పట్టమ్మా. మీ అమ్మ లేకపోతేనేం, నేను పిలస్తా ఉండా. పుట్టినూరికి రా బిడ్డా!"

మారక్క కొంగు పట్టింది. తడుముకుంటూ పోసే బియ్యం పక్కకు పడుతుంటే చెన్నరాయప్ప వచ్చి తల్లి చేతుల కింద తన చేతులు పెట్టి ఒడిలోకి పోయించాడు. ఎగబడిన గొర్రెలను మోకాలితో నెడుతూ, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక తల అటు తిప్పుకున్నాడు.

మారక్క నిండిన ఒడిని ఒక చేత్తో ముడేసుకుని, రెండో చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది.

"రా అత్తా... మా అమ్మ ఇల్లు చూపిస్తాను."