పీతలు చూపించిన ల్యాప్‌టాప్

జూన్ వచ్చిందంటే కాకినాడ సముద్రపు గోడ పక్కనున్న ఎంపిక భవనం పెళ్లి విడిదిలా తయారవుతుంది. 2084లో కూడా అంతే. యూనివర్సిటీలో చేరబోయే పిల్ల ల్యాప్‌టాప్ తీసుకోవడానికి వెళుతుంటే వెనకాల అమ్మ, నాన్న, మేనమామ, అత్త, పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు బయలుదేరుతాయి. ల్యాప్‌టాప్ పిల్లకా, బంధువర్గానికా అని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

పూర్వం ల్యాప్‌టాప్‌ని మనిషే ఎంచుకునేవాడట. బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రంగు బావుందా అని చూసి కొనుక్కునేవాడట. ఇప్పుడు ల్యాప్‌టాప్పే మనిషిని చూసుకుంటుంది. ప్రభుత్వం వారు దీనికి ‘ఒడిపలక’ అని ముచ్చటైన పేరు పెట్టారు. జనం మాత్రం ల్యాప్‌టాప్ అనడం మానలేదు. దాని మూతలో ‘ఇచ్ఛాగ్రాహి’ అనే సెన్సర్ ఉంటుంది. తెర మీద వేల రకాల బొమ్మలు గబగబా నడుస్తుంటే, ఎదురుగా ఉన్న మనిషి కంటిపాపనీ, ఊపిరినీ, నరాల్లో కదిలే సన్నటి విద్యుత్తునీ అది గమనిస్తుంది. నోటితో చెప్పే మాట దానికి అక్కర్లేదు. మనిషి లోపల నిజంగా దేనికి దీపం వెలుగుతుందో పట్టుకుంటుంది. పట్టుకోగానే లోపలున్న సజీవ చిప్‌లో కణాలు ఆ దారినే పెరిగి గట్టిపడతాయి. దాన్ని ‘మనోముద్ర’ అంటారు. ఒకసారి పడిందా, చదువయ్యేదాకా చెరగదు. ఏ శాఖ ముద్ర పడితే ఆ శాఖలోనే సీటు. ఒక పేరుకి ఒక్కటే ముద్ర.

నచ్చని చదువు చదివి ఏడ్చే రోజులు ఇక పోయాయని అందరూ సంబరపడ్డారు. పదేళ్లుగా పడుతూనే ఉన్నారు.

సుభద్ర ఆ రోజు ముద్ర వేసే గది గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడింది. తుఫాన్ల శాస్త్రం చదవాలని ఆ పిల్ల కోరిక. చిన్నప్పుడు ఒక తుఫాను వాళ్ల వీధిని సగం మింగింది. అప్పట్నుంచి, అది అసలెలా పుడుతుందో తేల్చుకోకపోతే నిద్రపట్టదన్నట్టు ఉండేది.

“రూల్ ప్రకారం ఒక్కళ్లే వెళ్లాలి. నేనొక్కదాన్నే వెళతాను నాన్నా,” అంది.

“వెళ్లి ఏం చూస్తావే? నీకేం తెలుసు?” అన్నాడు వాళ్ల నాన్న విహాన్. ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో పంపులు చూసే ఉద్యోగం ఆయనది. ఆయన పుట్టిన కాలంలో వీధికో విహాన్ ఉండేవాడు. ఇప్పుడా పేరు వింటేనే పెద్దాయనెవరో అనుకుంటారు. “కక్ష్యాగణనం రావాలి. ఉపగ్రహాల లెక్కలు. జీతం, గౌరవం రెండూ ఉన్నాయి. నేను పక్కనుంటే అదే వస్తుంది.”

“అది నోటి మాట వినదు నాన్నా!”

“నా మాట విననిది ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు.”

గుమ్మం దగ్గర ఉద్యోగి రూల్ బోర్డు వైపు చూశాడు, విహాన్ వైపు చూశాడు, పక్కకి జరిగాడు. “ఆయ్, పిల్లది ఒక్కతే ఏం చెబుతుందిలెండి, వెళ్లండి,” అన్నాడు. ప్రతి కుటుంబంతోనూ అతను అనే మాట అదే. విహాన్ కుర్చీ లాక్కుని కూతురి భుజం మీదుగా తెరలోకి వంగి కూర్చున్నాడు. సుభద్ర పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. ఆ గంటసేపూ ఆమె చూసింది తెరని కాదు, నాన్న చేతిని. అది ఆమె భుజం మీంచి దిగనే లేదు.

ఫలితం వచ్చింది. తీరజీవ శాస్త్రం, పీతల విభాగం.

ఇంట్లో జరిగిన రభస గురించి చెప్పకపోవడమే మంచిది. “నేను పక్కనే కూర్చుని ఉండగా పీతల గురించి ఆలోచించావంటే నిన్నేమనాలే?” అని నాన్న. “నేను పీతల్ని తినడానికే ఆలోచిస్తాను, చదవడానికి కాదు!” అని కూతురు. వాళ్లమ్మ ఆద్య మధ్యలోకి వెళ్లలేదు. భర్త వైపు మాత్రం ఒకలా చూసి వంటింట్లోకి పోయింది. ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, ఎర్రటి పీత ఒకటి బయటికొచ్చి పట్టకారులాంటి తన పెద్ద డెక్క ఊపేది. సుభద్ర ఏమడిగినా నీరసంగా జవాబిచ్చేది. రెండు ప్రశ్నలకే నిద్రలోకి జారుకునేది.

మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతుళ్లిద్దరూ ఎంపిక భవనం పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ సాన్వి గదిలో ఉన్నారు. ఇచ్ఛాగ్రాహిని తయారు చేసిన బృందంలో ఆవిడా ఒకరు. జుట్టు నెరిసింది, ఓపిక ఇంకా నెరవలేదు.

“యంత్రం పొరబడదమ్మాయ్,” అంది సాన్వి. “పిల్లలు పైకి ఒకటి చెబుతారు, లోపల ఇంకోటి ఉంటుంది. పోయినేడు కక్ష్యాగణనం కావాలని వచ్చిన కుర్రాడికి నాదస్వరం వచ్చింది. ఇంకో అమ్మాయికి మిఠాయిల తయారీ. ఈ తరం పిల్లల మనసు మాకే అంతుపట్టడం లేదు.”

“మా మనసు మీకు అంతుపట్టకపోవడం కాదు మేడమ్. అది మా మనసే కాదేమో!” అంది సుభద్ర. “నాకు పీతలంటే ఇష్టం లేదు. ఆ సీటులో నేను చేరను. తుఫాన్లు ఇస్తారా, లేకపోతే మీ గది ముందు కూర్చోమంటారా?”

“ఏయ్, మేడమ్‌తో అలాగేనా మాట్లాడేది!” అని విహాన్ బల్ల మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు. “మేడమ్, మీ వస్తువు పాడైపోయింది. మార్చి ఇవ్వండి. కక్ష్యాగణనం వేసి ఇవ్వండి.”

బల్ల మీద నిద్రపోతున్న ల్యాప్‌టాప్ తెర భగ్గున వెలిగింది.

“వచ్చారా!” అంది యంత్రం, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరిస్తున్నట్టు. “నిన్న సగంలో వెళ్లిపోయారు. ఈ ఎర్రపీతకి ఒక డెక్కే ఎందుకంత పెద్దదో చెప్పుకుంటున్నాం కదా?”

“మగదానికే ఉంటుందది,” అన్నాడు విహాన్. “దాంతో తిండి తినలేదు, పాపం. ఊపి ఊపి ఆడపీతని పిలుస్తుంది. ఇంకో మగది వస్తే దాంతోనే…”

నాలిక్కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. యంత్రం సంతోషంగా, “తర్వాత? తర్వాత?” అంటోంది.

డాక్టర్ సాన్వి మెల్లగా కుర్చీలోంచి లేచింది. “ముద్ర వేసేటప్పుడు గదిలో మీరున్నారా?”

“ఉండకపోతే ఎలాగండీ? ఆడపిల్లని ఒక్కదాన్నీ…”

“రూల్ ఉంది కదండీ!”

“రూల్ ఎవరు చూస్తారు మేడమ్? అందరూ లోపలే కూర్చుంటారు. నిరుడు మా బావమరిదైతే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు.”

సాన్వి తల పట్టుకుంది. ఈ యంత్రాన్ని పరీక్షించిన ప్రయోగశాలలో ఒక్కొక్క మనిషినే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరి వెనకా మేనమామలు రాలేదు. గదిలో ఇద్దరుంటే ఏం చేయాలో దానికెవరూ చెప్పలేదు. అది ఎవరి కోరిక గట్టిగా ఉంటే వాళ్లనే యజమాని అనుకుంది. ఎన్నాళ్లుగానో అణచిపెట్టిన కోరిక కన్నా గట్టిది ఏముంటుంది?

“కానీ నేను కోరింది కక్ష్యాగణనం కదండీ,” అన్నాడు విహాన్, గొంతు తగ్గించి. “రాత్రీ పగలూ అదే కోరుకున్నాను.”

“అది మీ అమ్మాయి కోసం కోరుకున్నారు. మనం పక్కవాళ్ల మీద పెట్టుకునే కోరిక దీనికి కోరికలా కనపడదండీ. భయంలా కనపడుతుంది. భయాన్ని పక్కకి తోసేసి, దాని కింద మీకోసం మీరు ఏం దాచుకున్నారో అది పట్టుకుంది.”

విహాన్ తన చేతులకేసి చూసుకున్నాడు. “ఉప్పాడ ఒడ్డుకి పారిపోయేవాణ్ణి చిన్నప్పుడు,” అన్నాడు. “పొద్దస్తమానం పీతల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. వాటి గురించి చదువుతానంటే మా నాన్న నవ్వాడు. కోప్పడినా బావుండేది. మెకానికల్ అన్నాడు, సరే అన్నాను. అంతే.”

సుభద్రకి నాన్న మీద జాలేసింది. అయినా కోపం తగ్గలేదు. జాలీ కోపమూ ఒకేసారి వస్తే మనిషి మరీ మొండికేస్తుంది కాబోలు. ల్యాప్‌టాప్ తీసి నాన్న ఒళ్లో పెట్టింది.

“ఇది నీది. నువ్వే చేరు యూనివర్సిటీలో. నాది నేను తెచ్చుకుంటాను.”

“పిచ్చిదానా, ఈ వయసులో నేనేంటే!”

“నీ వయసు దానికి లెక్కలేదు. మేడమ్, నా పేరు మీద కొత్తది ఇవ్వండి.”

డాక్టర్ సాన్వి మొహం పాలిపోయింది. “అంత తేలిక కాదమ్మాయ్. నీ పేరు మీద ముద్ర పడిపోయింది. పొరపాటని ఒప్పుకుంటే పదేళ్లుగా ఇచ్చిన సీట్లన్నీ తిరగతోడాలి. ఊరంతా గగ్గోలవుతుంది.”

“అవనివ్వండి!” అంది సుభద్ర. “మీ పరువు కోసం నేను జీవితాంతం పీతలు లెక్కపెట్టాలా? ఎవరి నాన్న కలల్లోనో ఎంతమంది చదువుతున్నారో, వాళ్లకి చెప్పరా మీరు? మీరు చెప్పకపోతే నేనే బయటికెళ్లి చెబుతాను.”

సుభద్ర ఆవిడ సమాధానం కోసం ఆగలేదు. తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లి బెంచీ ఎక్కి నిలబడింది. జరిగిందంతా గొంతెత్తి చెప్పింది. హాలు నిండా ఉన్న నాన్నలూ మామయ్యలూ ఒక్కసారి లేచారు. “ఎవరే నువ్వు?”, “మా పిల్లల్ని ఒంటరిగా పంపమంటావా?”, “మా మంచి మాకు తెలీదా?” అని అరుపులు.

“సరే, చెప్పండి మరి,” అంది సుభద్ర ముందు వరసలో మీసాలాయన వైపు తిరిగి. “మీ పెద్దబ్బాయికి ఏమొచ్చింది?”

“నాదస్వరం,” అన్నాడాయన విసురుగా. “వాడి బొంద, వాడికి రాగం పట్టే చెవే లేదు.”

“మరి మీకు? అదంటే ఇష్టమా?”

పక్కనున్న భార్య, “పెళ్లిళ్లకెళితే సన్నాయి దగ్గర్నుంచి లేవరుగా మీరు!” అంది. ఆయన వెళ్లి మెల్లగా కూర్చున్నాడు. ఆ తర్వాత హాల్లో ఒక్కొక్కళ్లే కూర్చోవడం మొదలుపెట్టారు.

డాక్టర్ సాన్వి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ముద్ర వేసే గది పక్కనున్న రూల్ బోర్డు దగ్గరికి వెళ్లి దుమ్ము తుడిచింది. “తిరగతోడదాం,” అంది. “ముందు ఈ అమ్మాయి. ఒక్కతే లోపలికి వెళుతుంది. మిగతావాళ్లు బెంచీ మీద.”

సుభద్ర లోపలికి వెళ్లి తలుపేసి గడియ పెట్టుకుంది. భుజం తేలికగా ఉంది. తెర మీద బొమ్మలు నడిచాయి. గంట తర్వాత ఆమె బయటికొచ్చేసరికి ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది, దాని తెర మీద బంగాళాఖాతం మధ్య తెల్లటి సుడి ఒకటి మెల్లగా తిరుగుతోంది. “నీళ్లు ఎంత వేడెక్కితే ఇది కన్ను తెరుస్తుందో ఇద్దరం కలిసి చూద్దామా?” అని అడుగుతోంది యంత్రం. సుభద్రకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

మిగిలింది విహాన్. పీతల ల్యాప్‌టాప్ ఇంకా కూతురి పేరు మీదే ఉంది. ముద్ర ఎలాగూ ఆయనదే, దాన్ని ఆయన పేరుకి మార్చాలంటే మాత్రం ఆయన దాని ముందు కూర్చుని, ఈ శాఖే నాకు కావాలని ఒక్కసారి నోటితో చెప్పాలి. ఆయన వద్దన్నాడు, నవ్విపోతారన్నాడు, పంపులు ఎవరు చూస్తారన్నాడు. సుభద్ర ఊరుకుంటుందా! చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది, కుర్చీలో కూర్చోబెట్టింది. తనూ ఒక కుర్చీ లాక్కుని భుజం మీద చెయ్యి వేసి, తెరలోకి వంగింది.

“మీకు కావలసిన శాఖ ఏది?” అని అడిగింది యంత్రం.

విహాన్ గొంతు సవరించుకున్నాడు. “పీ…”

“నాన్నా, ఒక్క నిమిషం,” అంది సుభద్ర గబుక్కున. “పీతలు అనకు. రొయ్యలు అను. అదే శాఖలో ఉంటాయి. చెరువులున్నాయి, కంపెనీలున్నాయి, చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుంది. పీతలు చదివి ఏం చేస్తావు? నీ మంచికే చెబుతున్నాను. నీకు తెలీదు.”

“ఈ గదిలో రెండో మనిషి ఎవరో చాలా భయపడుతున్నారు,” అంది యంత్రం.

విహాన్ మెల్లగా తల తిప్పి కూతురి చేతికేసి చూశాడు. ఆ చేతిని భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు. ఆయన కళ్లలో సుభద్ర ఎప్పుడూ చూడని మొండితనం కనిపించింది. ఎప్పుడూ చూడనిదేం కాదు, రోజూ అద్దంలో చూస్తున్నదే.

“లే,” అన్నాడు. “బయటికి నడు.”

“నాన్నా, నేను చెప్పేది…”

“నడవమన్నానా!”

సుభద్ర బయటికొచ్చింది. బెంచీ మీద మీసాలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆయన చేతిలో టీ చల్లారిపోతోంది, చూపు మాత్రం ఎదురుగా మూసి ఉన్న ఇంకో తలుపు మీదే ఉంది.

“లోపల ఎవరమ్మా?” అని అడిగాడు.

“మా నాన్న.”

“మా చిన్నాడు,” అన్నాడాయన. “ఏం చెబుతాడో ఏమో. ఒక్క మాట పక్కనుండి అందిస్తే బావుణ్ణు.”

“అవునండీ,” అంది సుభద్ర.

కాసేపు కూర్చుంది. కాలు ఆగలేదు. రొయ్యల సంగతి ఇంకొక్కసారి, ఒక్కసారే చెప్పి వచ్చేద్దాం అనుకుంది. లేచి వెళ్లి తలుపు తోసింది.

లోపల్నుంచి గడియ పెట్టి ఉంది.