మెట్ల కింది సిగ్నల్

తగవు ముక్కాలి పీట గురించి.

మొన్నటిదాకా ఆ పీటకి ఇంట్లో ఏ విలువా లేదు. మెట్ల కింద చెప్పుల స్టాండు పక్కన పడి ఉండేది. బూట్లు వేసుకునేవాళ్ళు దాని మీద కాలు పెట్టి లేసు కట్టుకునేవాళ్ళు, అంతే. ఇప్పుడదే ఇంటికి సింహాసనం. ఇల్లంతా వైఫై వస్తూ పోతూ ప్రాణం తీస్తుంటే, ఆ పీట దగ్గర మాత్రం సిగ్నల్ నిండుగా ఉంటోంది.

"పొద్దున్నుంచీ నువ్వే కూర్చున్నావమ్మా. నాకు మీటింగ్ ఉంది," అన్నాడు బావ, లాప్‌టాప్‌ని వడ్డించిన పళ్ళెంలా రెండు చేతుల మీదా పట్టుకుని.

"సీరియల్లో కోడలు తప్పిపోయిన మొగుణ్ణి గుర్తుపట్టబోతోంది," అంది అత్తయ్యగారు, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "నీ మీటింగులో ఎవరు ఎవర్ని గుర్తుపట్టాలి?"

అక్క వంటింట్లోంచి వచ్చి, ఇద్దరూ పీట వదిలితే అటక మీది డబ్బా దించుకుంటానంది. పీట ఉన్నది అందుకేనని గుర్తు కూడా చేసింది. ఎవరూ కదలకపోయేసరికి ఆమె కోపం సోఫాలో అడ్డంగా పడుకుని ఆపిల్ కోసుకుంటున్న తమ్ముడి మీదికి మళ్ళింది. పేరుకి కంప్యూటర్ సామాన్ల వ్యాపారమట. సొంత అక్క ఇంట్లో వైఫై బాగుచెయ్యడానికి మాత్రం తీరదట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

తమ్ముడు నవ్వి ఆపిల్ ముక్క ఒకటి అక్క నోటికి అందించాడు.

ఆ ఇంట్లో అతన్ని చిన్నా అంటారు. దేశ రహస్య భద్రతా శాఖలో అతని కోడ్ నేమ్ ముంగిస. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా నమ్మేవాళ్ళు లేరు.

జేబులో ఫోన్ మోగింది.

"మీరడిగిన కీబోర్డ్ వచ్చింది. స్పేస్ బార్ లేదు."

"ఫరవాలేదు. ఊపిరి తీసుకోకుండా రాస్తాను," అని శాఖ సంకేతానికి జవాబు చెప్పి ముంగిస లేచి చెప్పులు వేసుకున్నాడు.

వీధి మలుపులో గొడుగు కింద చెప్పులు కుడుతున్న ముసలాయన శాఖకి చీఫ్. గడ్డం, మాసిన చొక్కా, వేళ్ళకి అంటిన నల్లరంగు, అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. కుట్టు మాత్రం ఘోరంగా ఉంది. ముంగిస కుడికాలి చెప్పు విప్పి ఇచ్చాడు.

"ఆనకట్ట గేట్ల కంట్రోల్ కోడ్ మారుతోంది. కొత్తది ఈరోజు భోజనాల ముందు ఆనకట్ట ఇంజనీరుగా మీ బావ ఇంటి నుంచే పంపుతాడు."

"తెలుసు. ఆ టెన్షన్‌తోనే పీట కోసం తల్లితో పోట్లాడుతున్నాడు."

"పాత కోడ్ విదేశీ ముఠాకి చేరింది. వీధి కేబుల్ మీద మన చెవి ఉంది. పోయింది మీ అక్క ఇంట్లోంచే."

ముంగిస తల అడ్డంగా ఊపాడు. "బావ అలాంటివాడు కాదు. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ దొంగతనంగా తిన్నా మొహంలో తెలిసిపోతుంది."

"మొహం సాక్ష్యం కాదు." చీఫ్ సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి చెప్పుతో పాటు అందించాడు. పైకి బజార్లో దొరికే మామూలు రౌటర్‌లాగే ఉంది. "ఇంట్లో రెండో రౌటర్‌గా దీన్ని పెట్టు. మీ బావ లాప్‌టాప్ ఒక్కటే దీని గుండా వెళ్ళాలి. దీని గోడ దాటి బయటివాడెవడూ తొంగిచూడలేడు. అయినా కోడ్ ముఠాకి పోయిందంటే పంపింది మీ బావే. ఆ క్షణమే అరెస్ట్ చేస్తాను."

"అసలు పంపకుండా ఆపేస్తే?"

"ముఠా ఎగిరిపోతుంది. అనుమానం మాత్రం మీ బావ నెత్తిన జీవితాంతం ఉంటుంది." చీఫ్ తల వంచుకుని మళ్ళీ సూది అందుకున్నాడు. ముఠా లోపల మన మనిషొకరున్నారనీ, కొన్నాళ్ళుగా కబురు లేదనీ, నోరు విప్పే వీలు లేనట్టుందనీ చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఏదీ తెలియకూడదన్నాడు. "పొయ్యి మీద కూర దిగేలోపు పని అయిపోవాలి."

ముంగిస ఇంటికొచ్చేటప్పటికి కూర సగం ఉడికింది.

రెండో రౌటర్ పెట్టడం పని తెలిసినవాడికి టీ పెట్టినంత సులువు. గుర్తుంచుకోవలసింది ఒక్కటే, ఒక ఇంటికి ఇద్దరు పెద్దలుండకూడదు. ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ నెట్ చిరునామా నంబర్లు పంచే పని పాత రౌటర్‌ది. కొత్తది నోరు మూసుకుని సిగ్నల్ అందిస్తే చాలు. రెండూ పంచడం మొదలుపెడితే ఒకే నంబరు ఇద్దరికి పడుతుంది, ఇద్దరికీ నెట్ ఉండదు. ముంగిస చేతులు అలవాటు ప్రకారం కదిలాయి. కొత్త రౌటర్ నంబరు పాతదానితో ఢీకొనకుండా మార్చాడు. నంబర్లు పంచే మీట ఆపేశాడు. వైఫైకి కొత్త పేరు పెట్టాడు. పాత రౌటర్ నుంచి బావ గదిలోకి కేబుల్ లాగి, టేబుల్ కింద పెట్టిన కొత్తదాని వెనక వరసగా ఉన్న పసుప్పచ్చ రంధ్రాల్లో ఒకదాంట్లో గుచ్చాడు.

నడవలో వైరు చూసి అక్క ఊరుకోలేదు. తడిగుడ్డ పెట్టేచోట వైరు పడేస్తే ఎలా అంది. గోడవారగా తీసుకెళ్ళి తలుపు చట్రం వెనక దాకా దూర్చించింది. దేశభద్రత అక్కడ కొంచెం ఆలస్యమైంది.

బావని కొత్త పేరుకి కనెక్ట్ అవమని బతిమాలుకోవలసి వచ్చింది. అయ్యాక సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి. "పర్లేదే," అన్నాడు బావ. ఆ ఇంట్లో ముంగిసకి అంతకు మించిన పతకం ఎన్నడూ రాలేదు.

ఒక్కసారి సెట్టింగ్స్ చూస్తానని అతను లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. అందులో నంబరు ఇచ్చిన పెద్ద ఎవరో ఒక వరసలో రాసి ఉంటుంది. పాత రౌటర్ నంబరు అతనికి కంఠతా వచ్చు. అక్కడున్నది అది కాదు. తాను పెట్టిన కొత్తదానిదీ కాదు.

ఇంట్లో మూడో పెద్ద ఉన్నాడు.

నీళ్ళు తాగే నెపంతో హాల్లోకి వచ్చి మెట్ల కింద చూశాడు. అత్తయ్యగారు పీట మీదే ఉంది. ఆవిడ భుజం పక్కన అల్మరాలో పరిమళాల డబ్బా నీలిరంగు దీపంతో వెలుగుతోంది. నీళ్ళూ రెండు చుక్కల అత్తరూ పోస్తే గదంతా సువాసన వెదజల్లే యంత్రమది. పై వాటాలో అద్దెకుంటున్న సెంట్లావిడ అత్తయ్యగారికి కానుకగా ఇచ్చింది. ముంగిస వేలితో తాకాడు. వెచ్చగా ఉంది. నీళ్ళు పోసే మూత మీద మాత్రం వేలి ముద్ర పడేంత దుమ్ము.

నీళ్ళు తాగని యంత్రం రాత్రింబవళ్ళు ఎందుకు వెచ్చగా ఉంటుంది?

సింహాసనం రహస్యం తేలిపోయింది. ఆ నిండు సిగ్నల్ ఇంటి రౌటర్‌ది కాదు. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ పోటీలుపడి శత్రువు ఒళ్ళో కూర్చుంటున్నారు. డబ్బాలోని దొంగ రౌటర్ పాతదానితో చాటుగా కలిసిపోయి, అడిగినవాళ్ళకల్లా తానే పెద్దనని నంబర్లు ఇస్తోంది. ఆ నంబరు పుచ్చుకున్నవాళ్ళ మాటలన్నీ తన గుండానే పోనిస్తోంది. ముంగిస తన కొత్త రౌటర్ నోరు మూసి, పసుప్పచ్చ రంధ్రంలో కలపడంతో బావ గదికీ హాలుకీ మధ్య తలుపు బార్లా తెరిచినట్టయింది. గోడ కట్టడానికొచ్చినవాడు ద్వారబంధం పెట్టి కూర్చున్నాడు.

ప్లగ్ పీకెయ్యడానికి చెయ్యి వెళ్ళింది.

"దాన్ని ఆపకండి."

ముందు సువాసన దిగింది, ఆ తర్వాత చెప్పుల చప్పుడు, చివరికి మనిషి. సెంట్లావిడ ఎప్పుడు మెట్లు దిగినా అంతే. నెమలికంఠం రంగు పట్టుచీర, మెడలో సన్నటి ముత్యాలు, పెదవుల మీద ఎవరికోసమో తెలియని నవ్వు. మెట్ల పైన ఆమె అన్నయ్య అని చెప్పుకునే మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. మాట వినపడేంత దగ్గరగా లేడు. మనిషి కనపడనంత దూరంగానూ లేడు.

ఆమె డబ్బా సర్దుతున్నట్టు వంగింది. "మీ దగ్గర స్పేస్ బార్ లేని కీబోర్డ్ దొరుకుతుందా?"

ముంగిస ప్లగ్ మీంచి చెయ్యి తీశాడు. "దొరుకుతుంది. ఊపిరి తీసుకోకుండా రాయాలి."

"ఫోన్లు వాడి దగ్గరున్నాయి. గడప దాటనివ్వడు." పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడుతోంది. "వినే యంత్రం నంబర్లు పంచాల్సిన అవసరం ఏముంది? ఆ మీట మూయకుండా వదిలింది నేనే. నెట్ తెగుతూ ఇల్లు పోట్లాడుకుంటే పని తెలిసినవాడెవడో వచ్చి చూస్తాడనుకున్నాను. ఇది ఒక్క క్షణం ఆరినా వాడికి తెలుస్తుంది. మీ బావ కోడ్ తెరిచాడు. త్వరగా."

చేయితిరిగిన గూఢచారి అంత పసితప్పు ఎందుకు చేసిందా అన్న అనుమానానికి చోటు లేకపోయింది. అయినా ముంగిస ఆమె కళ్ళలోకి ఒకసారి చూశాడు. రెండు పక్షాలకీ పనిచేసే మనిషిని నమ్మడమంటే పగిలిన గ్లాసుతో నీళ్ళు తాగడమే. వేరే గ్లాసు లేదు.

అత్తయ్యగారు ఫోన్ లోంచి తల ఎత్తి, అడ్డంగా నిలబడొద్దని ఇద్దర్నీ కసిరింది. సీరియల్లో ముసుగు తొలగబోతోంది.

బావ గదిలోకి వెళ్ళేటప్పటికి బావ తెరమీద ఒక్కొక్క అంకె వేలితో చూపిస్తూ సరిచూసుకుంటున్నాడు. ముంగిస టేబుల్ కింద దూరి ఫోన్‌లో కొత్త రౌటర్ సెట్టింగ్స్ తెరిచాడు. ఇప్పుడు చెయ్యాల్సిందంతా మామూలు పద్ధతికి తలకిందులు. నోరు మూయించినదాని నోరు మళ్ళీ తెరిచాడు. పంచాల్సిన నంబర్ల వరస పూర్తిగా వేరేది ఇచ్చాడు. బయటివైపు నంబరు, పాత రౌటర్ చిరునామా తన చేత్తోనే రాశాడు, అడిగితే దొంగ పెద్ద జవాబిస్తాడు కాబట్టి. ఉమ్మడి ఇంట్లో దొంగ దూరినప్పుడు వేరు కాపురం తప్ప దారి లేదు.

"కింద ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు బావ.

"వైరు లూజుగా ఉంది బావా."

"నేను పంపాక చూసుకో."

"పంపేముందే చూడాలి."

"నా పనిలో వేలు పెట్టకు." బావ గొంతు వణికింది. ఆనకట్ట కింద ఎన్ని ఇళ్ళున్నాయో లెక్క తెలిసిన మనిషి గొంతు అది. వేలు బటన్ మీదికి వెళ్ళింది. టేబుల్ కింద నుంచి ముంగిసకి కనిపిస్తున్నది బావ పాదం ఒక్కటే, పంపే ముందు బొటనవేలు నేలకి ఆన్చి నొక్కి పట్టడం ఆయన అలవాటు. బొటనవేలు వంగింది.

ముంగిస పసుప్పచ్చ రంధ్రంలోంచి కేబుల్ లాగేశాడు.

"పోయింది," అన్నాడు బావ. "నెట్ పోయింది. నీకసలు బుద్ధుందా?"

పక్కనే విడిగా, బయటి లైను కోసం ఒకే ఒక నీలి రంధ్రం. వేళ్ళు తడిసి క్లిప్పు జారింది. రెండోసారి టక్కుమంది. రౌటర్ మీద నారింజరంగు దీపం వెలిగి అక్కడే నిలిచిపోయింది. హాల్లోంచి మెట్ల మీద మగ చెప్పుల చప్పుడు వినిపించింది, ఒక మెట్టు, ఇంకో మెట్టు. అన్నయ్యకి ఏదో తేడా అనిపించింది. సెంట్లావిడ గొంతు లేచింది. నీలిదీపం వెలుగుతూనే ఉంది కదా అంటోంది, కావాలంటే వచ్చి చూసుకోమంటోంది. చప్పుడు ఆగింది.

రౌటర్ దీపం ఆకుపచ్చగా మారింది.

బావ తిట్టుకుంటూ మళ్ళీ బటన్ నొక్కాడు. తెరమీద అడ్డగీత ఒకటి నింపాదిగా, అతి నింపాదిగా నిండింది. కంట్రోల్ రూమ్ నుంచి అందిందన్న కబురు వచ్చింది. బావ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ముంగిస టేబుల్ కింద నుంచే పై వాటా సంగతి చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు.

పై వాటా మెట్ల మీద నిలబడ్డ అన్నయ్య ఫోన్‌లోకి వచ్చింది అత్తయ్యగారి సీరియల్ ఒక్కటే. కోడ్ కోసం అతను ఆ కోడలి కన్నీళ్ళు చివరిదాకా చూశాడు. చూస్తుండగానే లాండ్రీ వాళ్ళు ఇద్దరు దుప్పట్ల మూట పట్టుకుని పైకి వెళ్ళారు. దిగేటప్పుడు మూట బరువెక్కింది, అప్పుడప్పుడూ తన్నుకుంది కూడా. వెనకే సెంట్లావిడ చిన్న పెట్టెతో దిగి, అత్తయ్యగారికి ఊరు మారుతున్నామని చెప్పింది. పరిమళాల డబ్బా రిపేరుకి ఇస్తానని చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ముంగిస వైపు తిరిగి, ఆ ఇంట్లో తగవులు మహా గట్టిగా ఉంటాయని మెచ్చుకుని వెళ్ళిపోయింది. సువాసన మాత్రం చాలాసేపు ఉండిపోయింది.

కూర దిగింది. అందరూ టేబుల్ చుట్టూ చేరారు. చాలా రోజుల తర్వాత ఎవరి ఫోన్లో వాళ్ళకి సిగ్నల్ ఉంది, అందుకని ఎవరూ ఫోన్ చూడట్లేదు. బావ మొహంలో పొద్దున్నుంచీ ఉన్న ముడి విడిపోయింది. తన పేరు ఒక అరెస్ట్ వారెంట్ దాకా వెళ్ళి వచ్చిందని తెలియని మనిషికి ఆకలి బాగా వేస్తుంది. ఆయన రెండోసారి కూర వడ్డించుకుంటూ, తిట్టినందుకు బావమరిదికి క్షమాపణ అనకుండానే క్షమాపణ చెప్పాడు. కుర్రాడికి పని వచ్చని ఒప్పుకున్నాడు. ముంగిస తల వంచుకుని తిన్నాడు. బావ కుర్చీ ఖాళీగా ఉండాల్సిన భోజనం ఇది. ఖాళీగా లేదు. అంతకంటే అతనికేమీ అక్కర్లేదు.

అక్క గరిటె పక్కన పెట్టింది. ఆమె గరిటె పక్కన పెడితే ఇంట్లో అందరూ నమలడం ఆపుతారు.

"నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఇంటర్నెట్ కంపెనీ మేనేజరు భార్య నాతో వాకింగ్‌కి వస్తుంది. ఇందాక ఫోన్ చేసి మాట్లాడేశాను. రేపటినుంచి చిన్నా అక్కడ ఉద్యోగంలో చేరుతున్నాడు. ఇళ్ళల్లో రెండో రౌటర్లు పెట్టే పని."

"అక్కా, నా వ్యాపారం..."

"ఆ వ్యాపారం ఏపాటిదో నాకు తెలుసు. పొద్దున్నే లేవాలి, యూనిఫాం వేసుకోవాలి. మొదట ప్రొబేషన్ మీద పెట్టుకుంటారట. వైరు గోడవారగా వేస్తాడని మాటిచ్చాను. నా మాట పోనివ్వకు."

బావ మంచి నిర్ణయమన్నాడు. అత్తయ్యగారు తన చెల్లెలింట్లో కూడా సిగ్నల్ సరిగా లేదని గుర్తు చేసుకుంది.

ముంగిస మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో అతను ఎన్నో దొంగ పేర్లతో, దొంగ ఉద్యోగాలతో బతికాడు. పట్టుబడితే ప్రాణాలే పోయే చోట్ల కూడా ఎవరూ అతన్ని ప్రొబేషన్ మీద పెట్టలేదు.